శాండ్‌బాక్స్‌లోని ప్రాసెస్‌కు బ్రోకర్ ద్వారా ఫైలు అందించడం ఎలా?

ప్రశ్న:
లినక్స్‌లో పీడీఎఫ్ పార్సర్‌ను (పీడీఎఫ్ ఫైలును చదివి విడదీసే ప్రోగ్రామ్‌ను) శాండ్‌బాక్స్‌లో, అంటే పరిమిత అనుమతులతో నడపడానికి, సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రామ్ కెర్నల్‌ను కోరే పనులను) వడగట్టే సెక్‌కాంప్ ఫిల్టర్‌తో కట్టడి చేసి, ఫైళ్లు తెరిచే కాల్స్ అన్నింటినీ నిషేధించాను. దానికి ఫాంటు అవసరమైనప్పుడు యూనిక్స్ సాకెట్ (ఒకే యంత్రంలోని ప్రాసెస్‌ల మధ్య సందేశాల దారి) మీద ఫైలు పాత్‌ను బ్రోకర్‌కు, అంటే శాండ్‌బాక్స్ వెలుపల దాని తరఫున ఫైళ్లు తెరిచే ప్రాసెస్‌కు, పంపుతుంది. ఆ పాత్ ఫాంట్ల డైరెక్టరీ పేరుతో మొదలైతే బ్రోకర్ ఫైలు చదివి, అందులోని డేటా మొత్తాన్ని తిరిగి పంపుతుంది. ఈ పద్ధతి సరైనదేనా?

మొదటి సమాధానం:
డేటాను కాపీ చేయనక్కర్లేదు. బ్రోకర్ ఫైలును చదవడానికి మాత్రమే తెరిచి, ఎస్‌సీఎం రైట్స్ అనే సాకెట్ సందేశంతో డిస్క్రిప్టర్‌నే (తెరిచిన ఫైలును సూచించే సంఖ్యను) పంపితే, కెర్నల్ దానికి పార్సర్ తెరిచిన ఫైళ్ల పట్టికలో కొత్త సంఖ్య కేటాయిస్తుంది. పంపాక బ్రోకర్ తన ప్రతిని మూసివేయాలి.

రెండవ సమాధానం:
నన్ను కలవరపెడుతున్నది పాత్ తనిఖీ. పేరు ఎలా మొదలైందో చూస్తే సరిపోదు. మధ్యలో రెండు చుక్కలు పెట్టి గాని, సిమ్‌లింక్ (మరో పాత్‌ను సూచించే ఫైలు) పట్టుకుని గాని పార్సర్ ఆ డైరెక్టరీ దాటిపోగలదు. ముందు పాత్ చివరికి ఎక్కడికి చేరుతుందో తేల్చి తర్వాత తెరిచినా, ఆ రెండింటి మధ్య సిమ్‌లింక్‌ను మార్చేసే అవకాశం మిగిలే ఉంటుంది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్‌లోని ఓపెన్‌ఎట్2 అనే ఫైలు తెరిచే సిస్టమ్ కాల్‌కు, ఇచ్చిన డైరెక్టరీ దాటనివ్వని రిజాల్వ్ బినీత్ అనే ఐచ్ఛికం (ఫ్లాగ్) ఇస్తే, తనిఖీ, తెరవడం ఒకే పిలుపులో కెర్నలే చేస్తుంది. అయితే బయటికి చూపే సిమ్‌లింక్ ఫాంట్లు తెరుచుకోవు. ఆ నష్టాన్ని భరించడమే మేలని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:
వినియోగదారు సొంత ఫైళ్లకు, అనుమతించిన చోట్లను ముందే రాసిపెట్టిన జాబితా పనికిరాదు. లినక్స్ యాప్‌లను శాండ్‌బాక్స్‌లో నడిపే ఫ్లాట్‌ప్యాక్ వాడే పోర్టల్‌లో (బయటి వనరులను యాప్‌కు అందించే సేవలో) ఫైలు ఎంచుకునే కిటికీ శాండ్‌బాక్స్ వెలుపల నడుస్తుంది కాబట్టి, ఆయన ఎంచుకోవడమే అనుమతి అవుతుంది.