పాత ప్లానర్ కొన్నాను: తెలివా, మోజా?

చిత్రిక (విజయవాడ, పటమట)
పోయిన శనివారం ఆటోనగర్‌లో పాత మోటార్లు తూకానికి అమ్మే కొట్లో, గేర్‌బాక్సుల కింద నుంచి ఒక ఎలక్ట్రిక్ ప్లానర్, అదే చెక్కని చిత్రిక పట్టే మెషిన్, బయటపడింది. బాడీ మొత్తం అల్యూమినియం పోత. వెనక హ్యాండిల్ మీద రంగు పోయి, ఎవరి అరచెయ్యో ఏళ్ల తరబడి రుద్దినట్టు నున్నగా ఉంది. కంపెనీ పేరు చెరిగిపోయింది. జపాన్ తయారీ అని, బ్లేడు వెడల్పు 82 మిల్లీమీటర్లు, 100 వోల్టులు, 500 వాట్లు అని మాత్రం చదవగలిగాను. 2,500 చెప్పి 1,800కి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి తుడుస్తుంటే మా బావమరిది "ఇంకో రెండు మూడు వేలు వేస్తే వారంటీతో కొత్తది వచ్చేది, ఈ తుక్కేంటి బావా" అన్నాడు. నాకేమో దాని మీద మనసు పడింది. ఇది తెలివైన పనా, ఉత్త మోజా? మొహమాటం లేకుండా చెప్పండి.

వైండింగ్ మేస్త్రి (ఆటోనగర్)
అది తర్వాత చూద్దాం. మన ప్లగ్గులో పెట్టలేదు కదండీ? జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మనది 230. పెడితే రయ్యిమని లేస్తుంది, వెనకాలే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే చుట్ట) మాడిన వాసన వస్తుంది. కరెంటు సైకిళ్ల (హెర్ట్జ్‌ల) గురించి భయం లేదు. లోపలున్నది బ్రష్‌ల (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కల) మోటారు, 50 అయినా 60 అయినా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కావాలి. 500 వాట్ల మెషిన్‌కి 1,000ది తీసుకోండి, స్టార్టింగ్‌లో గుంజుతుంది. చౌకగా దొరికే స్టెప్ డౌన్ డబ్బాల్లో చాలావాటికి రాగి తీగ చుట్ట ఒక్కటే. వోల్టేజీ తగ్గుతుంది గానీ మెయిన్స్‌తో, అంటే ఇంటి కరెంటు లైనుతో, సంబంధం తెగదు. మీది చూస్తే లోహపు బాడీ. రెండు చుట్టలు విడివిడిగా ఉన్నది అడిగి చేయించుకోండి. బాడీకి ఎర్త్ వైరు కూడా మర్చిపోవద్దు.

ఉలి దెబ్బ (గుంటూరు)
1,800 కాస్తా ఎక్కడికి పోతోందో చూశారా? ట్రాన్స్‌ఫార్మర్, బేరింగులు, బ్రష్‌లు, కొత్త వైరు. అన్నీ కలిపితే కొత్త ప్లానర్ ధర దాటేస్తుంది. నేను తలుపులు, ద్వారబంధాలు చేసి బతికేవాణ్ణి. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్న ఓనరు "మేస్త్రీ, తలుపేది" అంటే "నా జపాన్ మెషిన్‌కి బేరింగ్ దొరకలేదండీ" అని చెప్పగలనా? నా మెషిన్‌కి బ్లేడ్లు సందు చివర షాపులోనే ఉంటాయి. ప్లాస్టిక్ బాడీ అని వెక్కిరిస్తారు గానీ, దాని ప్లేటు మీద చదరంలో చదరం గుర్తుంటుంది చూడండి. డబుల్ ఇన్సులేషన్, ఎర్త్ పిన్నుతో పని లేదు. సగం కట్టిన ఇళ్లలో ఎర్త్ ఎక్కడుంటుంది, మీరే చెప్పండి.

పాత ఇనుము (విజయవాడ, వన్‌టౌన్)
ఎర్త్ మాటలో మీకు ఎదురు చెప్పను. ముహూర్తం మాటలోనూ అంతే. బేరింగ్ మాట మాత్రం ఒప్పుకోను. దాని అంచు మీద నంబరుంటుంది. 6200 అని ఉంటే లోపల 10, బయట 30, మందం 9 మిల్లీమీటర్లు. జపాన్‌దైనా మనదైనా అదే కొలత, ఆటోనగర్‌లో ఏ బేరింగ్ కొట్లోనైనా ఇస్తారు. సరైన బ్రష్ దొరక్కపోతే కాస్త పెద్దది తెచ్చి ఎమరీ కాగితం మీద రుద్ది సైజుకి తెస్తారు. నా కొత్త మెషిన్‌కి రెండేళ్లకే స్విచ్ పోతే, సర్వీస్ సెంటర్‌లో "ఆ మోడల్ ఆపేశారండీ" అని చేతిలో పెట్టారు.
ఇంకోటి. జపాన్‌లో చేతిలో పట్టుకునే ఎలక్ట్రిక్ ప్లానర్‌ని మొదట అమ్మింది మకిటా, 1958లో. ఆ కంపెనీ 1915లో నగోయాలో మోటార్లు అమ్ముతూ, రిపేరు చేస్తూ మొదలైంది. అంటే అదీ ఒక ఆటోనగర్ షాపే అనుకోండి!

పొణికి (కొండపల్లి)
మీ గొడవ బాగుంది. మా బొమ్మలు చెక్కే మెత్తటి తెల్ల పొణికి కర్రకి ఆ మెషిన్ చూపిస్తే రాజుగారికి ముక్కు మిగలదు. ఇంతకీ ఏ చెక్క మీద వాడతారు?

చిత్రిక
తెనాలి దగ్గర మా తాతగారి ఇల్లు తీసేసినప్పుడు దాచిన టేకు ద్వారబంధాలు.

ఉలి దెబ్బ
ముందు అయస్కాంతంతో మేకులు వెతకండి. ఒక్క విరిగిన మేకు తగిలితే రెండు బ్లేడ్లూ పోతాయి.

చిత్రిక
మూడు వారాల తర్వాత వస్తున్నాను. విప్పి చూస్తే ఒక బ్రష్ 4 మిల్లీమీటర్లకి అరిగిపోయి ఉంది. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) బొగ్గులా నల్లగా ఉంది. జీరో నంబర్ కాగితంతో రుద్దితే రాగి రంగు తేలింది. మేస్త్రి గారి షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే మీటరు) పెడితే మొదట అర మెగా ఓమ్ కూడా రాలేదు, అంతా తేమ. 100 వాట్ల బల్బు కింద రెండు రోజులు ఆరబెట్టాక 20 దాటింది.
నన్ను ఏడిపించింది బ్లేడ్లే. వెనక బేస్ మీద సాఫుగా ఉన్న చెక్క పట్టీ పెట్టి, డ్రమ్మును చేత్తో తిప్పుతూ, బ్లేడు దాన్ని తాకీ తాకనట్టు ఉండేదాకా స్క్రూలు సర్దాలి. ఒక బ్లేడు కుదిరితే రెండోది పైకి వచ్చేది. మొదటిసారి చెక్క మీద మెట్లు మెట్లుగా పడింది. నాలుగో ప్రయత్నానికి చేత్తో తడిమితే ఎక్కడా తగల్లేదు. లోపలి టేకు వాసన గదంతా కమ్ముకుంది, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.
మొత్తం ఖర్చు 5,400. బావమరిది లెక్కే గెలిచింది, దాచేదేం లేదు. అయినా మళ్లీ కనిపిస్తే మళ్లీ కొంటాను. దసరా ఆయుధ పూజలో దానికీ బొట్టు పెట్టాం.

ఉలి దెబ్బ
రోజుకి ఎన్ని ద్వారబంధాలు లాగింది?

చిత్రిక
ఒకటి. అదీ మధ్యలో కాఫీతో.

ఉలి దెబ్బ
నేను నాలుగు లాగుతాను, నా మాట మారదు. ఆ బ్లేడు సెట్ చేసిన చెక్క పట్టీ ఫొటో ఒకటి పెట్టండి. మా కుర్రాడు రోజూ అక్కడే మెట్లు పెడుతున్నాడు.