అగబు మాట తప్పిందా? ఈ కాలంలో ప్రవక్తలు ఉన్నారా?

వాక్యదీపం:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఈ మధ్య ప్రతి కూడికలో ఎవరో ఒకరు లేచి "ప్రభువు నాతో చెప్పాడు" అంటున్నారు. ఉద్యోగం, వీసా, పెళ్లి సంబంధం, అన్నీ అందులోనే. బైబిల్లో ప్రవక్తల పని ఇదా? నాతాను దావీదు రాజుకు ఎదురుగా నిలబడి పాపం చూపించాడు. తెకోవలో పశువులు కాసుకునే ఆమోసు బేతేలు దాకా వెళ్లి, పేదల్ని తొక్కేవాళ్లని గద్దించాడు. జరగబోయేది చెప్పినా జనం మారాలనే. హెబ్రీ 1:1, 2 ప్రకారం ఇప్పుడు దేవుడు కుమారుడైన యేసు ద్వారా మాట్లాడాడు. ఇక కొత్త ప్రవక్తలు అక్కర్లేదని నా నమ్మకం.

గోదావరి అక్క:
కుమారుడు వచ్చిన తర్వాతే కదా బ్రదర్, అగబు అనే ప్రవక్త కరవు గురించి చెప్పింది? రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో అది వచ్చింది కూడా (అపొస్తలుల కార్యములు 11:28). అంతియొకయ విశ్వాసులు ఆ మాట నమ్మి యూదయకు సాయం పంపారు. ఆ మాట వల్ల ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం దొరికింది.

వాక్యదీపం:
అది అపొస్తలుల కాలం. పైగా అగబు చెప్పింది జరిగింది. మాట నెరవేరకపోతే అది యెహోవా చెప్పింది కాదని ద్వితీ. 18:22 ఉంది. ఇప్పటివాళ్లకు ఆ కొలత పెట్టండి, ఎంతమంది మిగులుతారో చూద్దాం.

గోదావరి అక్క:
అగబు మాట కూడా అక్షరాలా జరగలేదు. యూదులు పౌలును బంధించి అన్యజనులకు అప్పగిస్తారన్నాడు (అపొ. కార్యములు 21:11). బంధించింది రోమా అధికారి, రెండు సంకెళ్లతో (21:33). యూదులు చంపబోతుంటే సైనికులు విడిపించారు. అయినా అగబును ఎవరూ అబద్ధ ప్రవక్త అనలేదు. అందుకే పౌలు, ప్రవక్తలు మాట్లాడితే తక్కినవాళ్లు వివేచించాలన్నాడు (1 కొరింథీ 14:29).

వాక్యదీపం:
అపొ. కార్యములు 28:17 చూడండి. యెరూషలేము నుంచి రోమీయుల చేతికి అప్పగించబడ్డానని పౌలే అన్నాడు. అగబు తప్పలేదు.

గోదావరి అక్క:
అప్పగించబడ్డాడు, సరే. సంకెళ్లు వేసింది ఎవరు? అది చెప్పండి.

బెజవాడ విశ్వాసి:
40 రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు యోనా. కాలేదు. ఆయన ప్రవక్త కాదా?

వాక్యదీపం:
నీనెవె పశ్చాత్తాపపడింది బ్రదర్. యిర్మీయా 18:7, 8 చదవండి, జనం చెడుతనం మానితే దేవుడు చేస్తానన్న కీడు చేయడని ఉంది. అక్కా, మీరు "కాస్త తప్పినా పర్వాలేదు" అంటున్నారు. ఆ కాస్త ఎవరి మీద పడుతుందో తెలుసా? మా చెల్లికి మంచి సంబంధం వస్తే, ఒక ప్రవక్త గారు "ఇది కాదు, ఆగు, విదేశం నుంచి వస్తాడు" అన్నారు. మా అమ్మ ఆ మాటే పట్టుకుంది. చెల్లి ఇంకా ఆగే ఉంది. ఆయన మాత్రం సభలు పెట్టుకుంటున్నాడు. రెండేళ్లలో బబులోను కాడి, అంటే దాని పెత్తనం, విరుగుతుందన్న అబద్ధ ప్రవక్త హనన్యాను యిర్మీయా నిలదీశాడు. ఈయన్ని నిలదీసేవాళ్లేరి?

సియోను పాఠకుడు:
అక్కా, 1 కొరింథీ 14:34 కూడా చదవండి, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని ఉంది.

గోదావరి అక్క:
చదివాను తమ్ముడూ. అదే పత్రిక 11:5లో ప్రవచించే స్త్రీ ఉంది, అదీ చదువు. ఫిలిప్పు కూతుళ్లు నలుగురూ ప్రవచించారు. ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు యాజకుణ్ణి పంపింది ప్రవక్త్రి హుల్దా దగ్గరికే.
వాక్యదీపం బ్రదర్, మీ చెల్లి సంగతి చదివితే కడుపు తరుక్కుపోయింది. కానీ నా మాటా వినండి. మా మందిరంలో ఆడవాళ్లు వాక్యం చెప్పకూడదు. ప్రవచనం ఒక్కటే మాకు నోరు విప్పే చోటు. అప్పు తెచ్చి మందిరం పెంచొద్దని ప్రార్థనలో నాకు తోచింది, లేచి చెప్పాను. "అది ఆత్మ మాట కాదు" అన్నారు కాపరి. సంఘాన్ని ఒక్క మాట అడగలేదు. అప్పు ఇప్పటికీ తీరలేదు.

వాక్యదీపం:
అంటే మీ దగ్గరా వివేచించేవాళ్లు లేరు. సంఘం లేచి ప్రశ్నించగలిగేదాకా ఎవరికీ మైకు ఇవ్వకూడదు. నా మాట అంతే.

బెజవాడ విశ్వాసి:
అహాబు రాజు ముందు 400 మంది ప్రవక్తలు ఒకే మాట చెప్పారు. మీకాయా ఒక్కడే ఎదురు చెప్పాడు, చెరసాలకు వెళ్లాడు.

గోదావరి అక్క:
మైకు ఆపేస్తే మీ చెల్లికి ఆ మాట చెప్పినాయన ఆగడు బ్రదర్, ఆయనకు సొంత సభలున్నాయి. ఆగిపోయేది నాలాంటి వాళ్లమే.