హైదరాబాద్ నుంచి గురుగ్రామ్‌కి ఉద్యోగం మార్పు: కారు మేమే నడుపుకెళ్తే దారి, లోడు, ఎన్‌ఓసీ?

కొంపల్లి_హ్యాచ్‌బ్యాక్ (ప్రశ్న)

నమస్కారం. జనవరి 2న గురుగ్రామ్‌లో ఉద్యోగంలో చేరాలి. పెద్ద సామానంతా ప్యాకర్స్ లారీలో పంపేస్తున్నాం, కారు మాత్రం మేమే నడుపుకెళ్దామని ఉంది. 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్ 4 (కాలుష్య ప్రమాణం), టీఎస్ నంబరు. లోను ఇంకో 5 కిస్తీలుంది. మేమిద్దరం, 4 ఏళ్ల పాప. లారీ చేరడానికి వారం పడుతుందట, అప్పటిదాకా వంటకీ పడకకీ కావలసినవి కార్లోనే వేసుకోవాలి. డిసెంబరు 27న బయలుదేరితే ఎక్కడెక్కడ ఆగాలి? ఎంత బరువు వేయొచ్చు? కారుని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇప్పుడే తీసుకోవాలా?

నలభైనాలుగో_రోడ్డు

దారి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదండీ, 44వ నంబరు జాతీయ రహదారే. కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఆదిలాబాద్, పెన్‌గంగ దాటి హింగన్‌ఘాట్, నాగ్‌పూర్. అక్కడికి దాదాపు 500 కి.మీ. ఆ తర్వాత సివనీ, లఖ్నాదోన్, నర్సింగ్‌పూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. మొత్తం 1,550 పైచిలుకు వస్తుంది. లీటరుకి 16 లెక్కన 100 లీటర్ల పెట్రోలు.

రెండు రాత్రుల్లో, అంటే నాగ్‌పూర్‌లో ఒకటి, ఝాన్సీలో ఒకటి ఆగి చేరొచ్చని చాలామంది చెబుతారు. ఫిబ్రవరిలో అయితే నేనూ అదే అంటాను. డిసెంబరు చివర మాత్రం మూడు రాత్రులు పెట్టుకోండి: నాగ్‌పూర్, సాగర్, ఆగ్రా. ఝాన్సీ దగ్గర్నుంచే పొద్దున పూట పొగమంచు పట్టేస్తుంది, సూర్యుడు కూడా ఐదున్నరకే దిగిపోతాడు. ఝాన్సీలో పడుకుంటే తెల్లారి మొదటి మూడు గంటలూ మంచులోనే నడపాలి. అదే సాగర్‌లో పడుకుని ఏడింటికి బయలుదేరితే ఝాన్సీ చేరేసరికి ఎండొస్తుంది, చీకటి పడేలోపు ఆగ్రాలో ఉంటారు. చివరి రోజు 220 కి.మీ. లోపే మిగులుతుంది కాబట్టి పది దాటాక తీరిగ్గా బయలుదేరొచ్చు.

నాగ్‌పూర్, సివనీ మధ్య పెంచ్ అడవి ఉంది. జంతువులు కింద నుంచి వెళ్లడానికి అక్కడ రోడ్డునే పైకి లేపి కట్టారు, పక్కన గోడల్లాంటివి కనిపిస్తాయి. ఆ ముక్కలో ఆగకండి. లఖ్నాదోన్ నుంచి సాగర్ దాకా మంచి హోటళ్లూ బంకులూ పలచగా ఉంటాయి. సివనీలోనే ట్యాంకు నింపి, పాపకి భోజనం పెట్టించేయండి.

ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేక బ్లాక్‌లిస్టులో పడితే టోల్ మామూలు కంటే ఎక్కువ కట్టాలి, యూపీఐతో అయితే 1.25 రెట్లు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ మీలాంటి ప్రైవేటు కారుకి పనికొస్తుంది, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. యమునా ఎక్స్‌ప్రెస్‌వేకి మాత్రం అది చెల్లదు.

స్టెప్నీ_చూశారా

దారి కంటే నాకు లోడు గురించే భయం. ఈ ప్రయాణాల్లో టైరు పేలడానికి ముఖ్య కారణం బరువెక్కువై గాలి తక్కువవడం. గాలి తక్కువుంటే పక్క గోడ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, ఆ నలుగుడుకి వేడెక్కుతుంది. సిమెంటు రోడ్డు మీద 100 వేగంతో గంటలకొద్దీ పోతే ఆ వేడి దిగే సందే ఉండదు.

మాన్యువల్‌లో గ్రాస్ వెయిట్ (మనుషులూ సామానుతో కలిపి కారు మోయగల మొత్తం బరువు), కర్బ్ వెయిట్ (ఖాళీ కారు బరువు) రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. ఉదాహరణకి 1,340, 900 ఉంటే మిగిలేది 440 కిలోలు. ముగ్గురు మనుషులూ చైల్డ్ సీటూ కలిపి 160 పోతే 280 ఉన్నట్టు కనిపిస్తుంది. అంతా వేసేయకండి, 150 దగ్గర ఆపండి. 280 కిలోలూ వెనకే పడితే ముందు చక్రాలు తేలికై, స్టీరింగు రోడ్డుని సరిగా పట్టదు. బ్రేకు దూరం కూడా పెరుగుతుంది.

సర్దేటప్పుడు బరువైనవి (బియ్యం సంచి, మిక్సీ, కుక్కర్, పుస్తకాలు) డిక్కీ అడుగున, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టండి. తేలికైన పరుపులూ దుప్పట్లూ వాటిపైన. సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పోకూడదు, సడన్ బ్రేకు పడితే ముందు తగిలేది పాపకే. వెనక ఖాళీ సీటులో సూట్‌కేస్ పెడితే సీటు బెల్టు దాని చుట్టూ తిప్పి లాక్ చేయండి. ఆవకాయ జాడీ డిక్కీలో వద్దు. మూతకి పాలిథీన్ కాగితం బిగించి, స్టీలు గిన్నెలో నిలబెట్టి, ముందు సీటు వెనక కాళ్ల దగ్గర పెట్టండి. ఘాట్ వంపుల్లో నూనె ఒలికినా గిన్నెలోనే ఉంటుంది.

టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత మధ్య నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. మీ కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే గాడి ఎంత లోతున్నా మార్చేయండి, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గాడి 1.6 మి.మీ. కంటే తగ్గితే చట్టం ప్రకారమే పనికిరాదు. డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంత గాలో వేరుగా రాసి ఉంటుంది. అంత గాలీ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. దారిలో వేడి టైరుకి మీటరు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి. స్టెప్నీలోనూ చూడండి, జాకీ తిప్పే రాడ్ సామాను కింద ఇరుక్కోకుండా పైనే ఉంచండి.

బ్యాటరీ నాలుగేళ్లు దాటితే ఇక్కడే మార్చుకోండి. మన దగ్గర ఇంకా బాగానే లాగుతున్న బ్యాటరీ అక్కడి 5 డిగ్రీల చలికి పొద్దున్నే మొండికేస్తుంది.

ఫారం_28

కాగితాల సంగతి నేను చెబుతా. ఎన్‌ఓసీ ఇప్పుడు వద్దు.

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో కారు 12 నెలలు దాటి ఉంటేనే కొత్త నంబరు తీసుకోవాలి. మీకు ఐదు కిస్తీలే మిగిలాయి. లోను ఉండగా ఎన్‌ఓసీ అడిగితే బ్యాంకు అనుమతి పత్రం కావాలి, లోను తీరాక హైపోథికేషన్ (కారు బ్యాంకు తాకట్టులో ఉందని ఆర్‌సీలో ఉండే నమోదు) తీయించడానికి మళ్లీ తిరగాలి. కిస్తీలు పూర్తిచేసి, బ్యాంకు నుంచి ఫారం 35, క్లోజర్ లెటర్ తీసుకుని, ముందు తెలంగాణ ఆర్‌సీలో హైపోథికేషన్ కొట్టేయించండి. ఎన్‌ఓసీకి ఫారం 28 ఆ తర్వాతే. ఇంకో కారణం కూడా ఉంది. గురుగ్రామ్ పేరు మీద ఒకసారి ఎన్‌ఓసీ తీసుకున్నాక ఆరు నెలల్లో ఇంకో ఊరికి మారినా, కారు ఇక్కడే అమ్మాలనుకున్నా, దాన్ని రద్దు చేయించుకోవడం పెద్ద తలనొప్పి.

ఇప్పుడు చేయాల్సినవి: పెండింగ్ చలాన్లన్నీ కట్టేయండి, ఒక్కటి మిగిలినా ఎన్‌ఓసీ ఆగుతుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నాలుగైదు ముద్రలు తీసి దాచుకోండి, తుప్పు ఉంటే ముందు గుడ్డతో తుడవండి. హర్యానాలో అడుగుపెట్టిన రోజు టోల్ రసీదూ ఆఫర్ లెటర్ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. టీఎస్ నంబరు చూసి ఆపితే ఎప్పుడొచ్చారో రుజువు చూపించేది అవే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇక్కడ తీసుకున్నది అక్కడా చెల్లుతుంది, గడువు మాత్రం చూసుకోండి.

ఢిల్లీ పరిసరాల్లో పెట్రోల్ కారుకి 15 ఏళ్లు, డీజిల్‌కి 10 ఏళ్లు అనే నిబంధన ఉంది. దాని అమలు కోర్టు ఆదేశాలను బట్టి మారుతోంది, ఎలా చూసినా మీ 2018 పెట్రోల్‌కి ఇప్పట్లో ఇబ్బంది లేదు. ఇదే కారు డీజిల్ అయ్యుంటే ఇక్కడే అమ్మేసి వెళ్లమనేవాణ్ణి. అయితే చలికాలంలో కాలుష్యం పెరిగితే బయటి రాష్ట్రాల, పాత ప్రమాణాల బండ్లకి ఢిల్లీలోకి ప్రవేశం ఆపేస్తుంటారు. అందుకే ఆగ్రా నుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకుండా మథుర, పల్వల్ మీదుగా వెళ్లి, కేఎంపీ (కుండ్లీ-మానేసర్-పల్వల్) ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని గురుగ్రామ్ చేరండి. ఢిల్లీ తగలదు, వార్షిక పాస్ చెల్లని యమునా టోల్ బాధా ఉండదు.

తర్వాత హర్యానా నంబరు వచ్చాక ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఫాస్టాగ్‌లోనూ కొత్త నంబరు ఎక్కించండి. ఇన్సూరెన్స్‌లో పాత నంబరు ఉండిపోతే క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. జీవితకాల పన్నులో మిగిలిన భాగం తెలంగాణ నుంచి వాపసు అడగాలంటే కొత్త ఆర్‌సీ కాపీ కావాలి, కాబట్టి అది వచ్చాకే దరఖాస్తు.

కొంపల్లి_హ్యాచ్‌బ్యాక్

చాలా థాంక్స్ అండీ. బ్యాటరీ ఐదేళ్లది, రేపే మారుస్తాను. ఇంకొక్కటి: వారం వంట కోసం గ్యాస్ సిలిండర్ కార్లో వేసుకెళ్లొచ్చా?

స్టెప్నీ_చూశారా

వద్దే వద్దు. మూసిన కార్లో, పాప పక్కన, వాల్వ్ కొంచెం లీకైనా పోయే దారి ఉండదు. సిలిండరూ రెగ్యులేటరూ ఏజెన్సీలో అప్పగించి టెర్మినేషన్ వోచర్ తీసుకోండి, డిపాజిట్ వాపసిస్తారు. ఆ వోచర్ చూపిస్తే అక్కడ అదే కంపెనీ ఏజెన్సీలో కనెక్షన్ ఇస్తారు. వారానికి ఒక ఇండక్షన్ స్టవ్, అడుగు మందంగా ఉన్న రెండు స్టీలు గిన్నెలు చాలు. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసి పెట్టుకోండి.

నలభైనాలుగో_రోడ్డు

మంచు గురించి పైన ఒకటి వదిలేశాను. అద్దం లోపలి వైపు ఆవిరి పడితే ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. రీసర్క్యులేషన్‌లో ఉంటే మీ ముగ్గురి ఊపిరే తిరిగి అద్దానికి పట్టేస్తుంది. లైట్లు లో బీమ్‌లోనే ఉంచాలి, హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు. నడుస్తూ హజార్డ్ లైట్లు (అన్ని ఇండికేటర్లూ ఒకేసారి మెరిసేవి) వేయకండి, వెనకొచ్చేవాడు మీరు ఆగి ఉన్నారనుకుంటాడు, మీ ఇండికేటర్ కూడా పనిచేయదు. ఇక ముందేమీ కనపడని స్థితి వస్తే రోడ్డు అంచున ఆపకండి, వెనక లారీ తగిలేది అక్కడే. బంకులోకో ధాబాలోకో పూర్తిగా దిగిపోయి ఎండ వచ్చేదాకా ఆగండి.