తోటివాడి సెలవు భారం మనమెందుకు మోయాలి? అమెరికా తపాలా ఉద్యోగుల చర్చ

వీధి క్యారియర్ (వీధుల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగి, చర్చ ప్రారంభించినవారు)

మా స్టేషన్‌లో ఒక సహోద్యోగి తల్లిగారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరుగుతుంది. అన్నదమ్ములు వంతులు వేసుకోగా ఇతని వంతుకు శుక్రవారం వచ్చింది. ఆ రోజు అతని రూట్‌ను ముక్కలు చేసి మా అందరికీ పంచుతారు. ఏసీ లేని పాత బండిలో, ఆగస్టు ఎండలో నా రూట్ ముగించుకున్నాక మరో గంటన్నర అతని వీధుల్లో తిరిగి, పొద్దుగూకాక ఇల్లు చేరుతున్నాను. "మీవాడి ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవు) పుణ్యమే ఇదంతా" అని సూపర్‌వైజర్ పొద్దున్నే అందరి ముందూ అంటుంటారు. ఆ తల్లిగారి మీద నాకు సానుభూతి లేకపోలేదు. అయినా అడుగుతున్నాను: యూనియన్ అతని సెలవును కాపాడాలా, మా ఒళ్లు కాపాడాలా?

మాజీ స్టూవర్డ్

యూనియన్ తరఫున ఉద్యోగుల ఫిర్యాదులు చూసే స్టూవర్డ్‌గా పనిచేశాను కనుక చెబుతున్నాను: రెండూ కాపాడాలి, అయితే రెండూ వేర్వేరు ఫిర్యాదులు. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ప్రకారం పన్నెండు నెలల సర్వీసు ఉండి, సెలవుకు ముందు పన్నెండు నెలల్లో 1,250 గంటలు నిజంగా పని చేసినవారికి ఏడాదికి 12 వారాల సెలవు దొరుకుతుంది. ఎనిమిది గంటల ఉద్యోగికి అది 480 గంటలు. వారానికి ఒక శుక్రవారం చొప్పున ఏడాదంతా తీసుకున్నా 416 గంటలే అవుతుంది కనుక, మీ మిత్రుడు గీత దాటడం లేదు. ఈ సెలవును గైర్హాజరీగా లెక్కగట్టి శిక్షించకూడదని నిబంధన స్పష్టంగా చెబుతుంది. వాడుకోనివ్వకుండా నిరుత్సాహపరచడం కూడా హక్కులో జోక్యమేనని అదే నిబంధన అంటుంది. పొద్దుటి ఆ ఎత్తిపొడుపు నా దృష్టిలో ఆ కోవలోకే వస్తుంది.

ఇక మీ గంటన్నర సంగతి. అదనపు గంటలు చేస్తామని ముందుకొచ్చినవారి ఓవర్‌టైమ్ జాబితాలో మీ పేరు లేకపోతే, జాబితాలో ఉన్నవారిని వాడుకోకుండా మిమ్మల్ని బలవంతపెట్టడం మీద పద్నాలుగు రోజుల్లోపు గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా అధికారిక ఫిర్యాదు) వేయవచ్చు. ప్రతి శుక్రవారం ఒకరు రారని నెలల ముందే తెలిసి కూడా మనిషిని పెట్టుకోనిది యాజమాన్యం. ఆ కోపాన్ని డయాలిసిస్ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మీదికి మళ్లించడం వారికి సులువు, అంతే.

ఇరవయ్యేళ్ల సర్వీసు

స్టూవర్డ్ గారూ, మీరు చట్టంలో సగమే చదివి వినిపించారు. ముందే తెలిసిన చికిత్స అయితే, సంస్థ పనికి మరీ అంతరాయం కలగకుండా వేళలు కుదుర్చుకునే ప్రయత్నం ఉద్యోగి కూడా చేయాలని ఆ నిబంధనల్లోనే ఉంది. అవసరమైతే జీతభత్యాలు తగ్గకుండా తాత్కాలికంగా వేరే స్థానానికి మార్చే వీలు కూడా యాజమాన్యానికి ఉంది. నేనెరిగిన ఒకరికి నడుం నొప్పి ఎప్పుడూ సోమవారమే వచ్చేది. అలాంటి వారిని యూనియన్ కళ్లు మూసుకుని వెనకేసుకొస్తే నిజంగా అవసరమైన వారి మాట కూడా చెల్లకుండా పోతుంది.

మాజీ స్టూవర్డ్

వేళలు కుదుర్చుకోవాలన్న మాట ఒప్పుకుంటున్నాను, అది నేను ముందే చెప్పవలసింది. సోమవారపు నడుం నొప్పికి మాత్రం మందు చట్టంలోనే ఉంది: హాజరీ పట్టీ పంపి, రోగ స్వభావానికీ ఈ సెలవుల తీరుకీ పొంతన ఉందా అని వైద్యుణ్ణి యాజమాన్యం అడిగించవచ్చు. అయితే నేరుగా పైనున్న సూపర్‌వైజర్ ఏ పరిస్థితిలోనూ ఆ వైద్యుడికి ఫోన్ చేయకూడదు. అనుమానం తీర్చుకునే దారి ఉండగా, అందరి ముందూ దెప్పడమెందుకు?

కౌంటర్ గుమాస్తా

మీరిద్దరూ హక్కు గురించి వాదిస్తున్నారు కానీ, నేను చూసినంతలో సెలవు పోయేది కాగితం దగ్గరే. గుంటూరులో మా నాన్నగారికి బైపాస్ జరిగినప్పుడు అక్కడి డాక్టరు గారు సెలవుకు కావలసిన వైద్య ధ్రువపత్రంలో ఎన్నాళ్లు, ఎంత తరచుగా అన్న గడిలో "అవసరాన్ని బట్టి" అని రాశారు. వివరాలు చాలవని కాగితం తిరిగొచ్చింది. లోపమేమిటో రాతపూర్వకంగా చెప్పి, దిద్దుకోవడానికి ఏడు రోజులివ్వాలని అప్పటిదాకా నాకు తెలియదు. "ఆరు వారాలు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, తర్వాత నెలకు రెండు రోజులు" అని రాయించి పంపితే మంజూరైంది. కుటుంబ సభ్యులు వేరే దేశంలో ఉంటే అక్కడి వైద్యుడి ధ్రువపత్రాన్ని ఒప్పుకోవాలి. అది వేరే భాషలో ఉండి, వారు అడిగితే అనువాదం మనమే ఇచ్చుకోవాలి.

మన ఇళ్లలో చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటుంది. ఈ చట్టంలో తల్లిదండ్రులు ఉన్నారు, అత్తమామలు లేరు. మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఈ సెలవు నాకు రాదు, మా ఆయనకు వస్తుంది. చిన్నప్పుడు మనల్ని తల్లి స్థానంలో ఉండి పెంచిన అమ్మమ్మకో పెద్దమ్మకో అయితే వర్తిస్తుంది. పైగా ఇది జీతం లేని సెలవు. ఏడాదికి 80 గంటల వరకు మన సిక్ లీవును ఇంటివారి సంరక్షణకు వాడుకోవచ్చు కనుక, ముందు ఆ లెక్క చూసుకోండి. 2020 అక్టోబరు నుంచి ఇతర ఫెడరల్ ఉద్యోగులకు బిడ్డ పుడితే 12 వారాల జీతంతో కూడిన సెలవు దొరుకుతుండగా, తపాలా వారిని అందులో చేర్చలేదు. యూనియన్ పోరాడదలిస్తే ముందు అక్కడ పోరాడాలి.

వీధి క్యారియర్

నా పేరు ఓవర్‌టైమ్ జాబితాలో లేదు. గత రెండు శుక్రవారాల గంటలు రాసిపెట్టుకున్నాను, రేపు మా స్టూవర్డ్‌కు ఇస్తాను. శుక్రవారం సెలవు పెట్టే ఆ సహోద్యోగిని కూడా అడిగాను. ఉదయం ఐదున్నర వంతు ఖాళీ అయితే మార్చమని డయాలిసిస్ కేంద్రంలో రెండు నెలల కిందటే పేరు రాయించాడట. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు.