నేల మీద పెరిగే కొత్త శైవలం: డీఎన్ఏ లేకుండా పేరు పెట్టొచ్చా?

కొండగాలి:
కేరళలో కొల్లం జిల్లా కుంభావురుట్టి అడవిలో ఈడోక్లాడియం సహ్యాద్రికం అనే కొత్త శైవలం (ఆల్గే) దొరికిన వార్త చూసే ఉంటారు. తడి నేల మీద పచ్చటి ముఖమల్ పొరలా పరుచుకుంటుంది. ఆ ఒక్క జాతి సంగతి అలా ఉంచి, అసలు ఇలాంటివాటికి కొలతలు, బొమ్మలు చాలా? నా మటుకు సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరుస) లేనిదే కొత్త జాతి అనకూడదు. వెలుతురు, తడి మారితే నేల శైవలాల రూపం మారిపోతుంది. బండల మీద నారింజ రంగులో ఉండే ట్రెంటిపోలియా అనే శైవలం, నీడలో నత్రజని బాగా అందితే పచ్చబడుతుంది.

సూక్ష్మదర్శి:
కొండగాలి గారూ, ట్రెంటిపోలియా లెక్క ఇక్కడ నడవదు. ఈడోక్లాడియం ఉండే ఈడోగోనియేసి కుటుంబంలో జాతిని తేల్చేది రంగు కాదు, లైంగిక భాగాలు. ఊగోనియం (అండం ఉండే ఆడ కణం) ఆకారం, అది రంధ్రంతో తెరుచుకుంటుందా మూతతోనా, ఊస్పోర్ (ఫలదీకరణ తర్వాత ఏర్పడే బీజం) గోడ నునుపా గరుకా, మగ తంతువులు మామూలువా మరుగుజ్జువా అన్నవి చూడాలి. కణం పై కొసన టోపీ వలయాలు (కణం విభజించినప్పుడు మిగిలే గీతలు) ఉంటే కుటుంబం ఖాయం. కొమ్మలుండి, అడుగు ఉబ్బిన వెంట్రుకలు లేకుండా, నేలలోకి వేర్లలాంటి రైజాయిడ్లు దిగితే ఈడోక్లాడియం. ఊస్పోర్ పండకముందే తెచ్చిన నమూనాకు ఎవరూ జాతి పేరు చెప్పలేరు.

పైగా నామకరణ నియమావళి డీఎన్ఏ అడగదు. 1958 జనవరి 1 నుంచి శైవల జాతికి బొమ్మ తప్పనిసరి. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే కాదు, ఇంగ్లీషులో ఉన్నా చాలు. పేరుకు ఆధారంగా భద్రపరిచే టైపు నమూనా ఎటూ ఉండాలి.

కొండగాలి:
నియమావళి చెప్పేది పేరు చెల్లుతుందా లేదా అన్నదే, జాతి నిజమా కాదా అన్నది కాదు.

ల్యాబ్‌బల్ల:
ఇద్దరూ ఒక చిక్కు వదిలేశారు. సహ్యాద్రికం లాంటి జాతుల్లో ఆడ తంతువు వేరు, మగ తంతువు వేరు. ఒకే ముద్దలో రెండూ కనిపిస్తే ఒకే జాతివని ఎలా అంటారు? పక్కపక్కనే రెండు జాతులు అల్లుకుపోయి ఉండొచ్చు. ఒక్క జూస్పోర్ (లైంగికం కాని, ఈదే బీజం) నుంచి ల్యాబ్‌లో పెంచిన కల్చర్‌లో ఒకే లింగం వస్తుంది కాబట్టి అదొక్కటే ఉంటే తేలదు. రెండు కల్చర్లు కలిపి ఊస్పోర్ పండించాలి, లేదా రెండింటిలో కిరణజన్య సంయోగక్రియకు చెందిన ఆర్‌బీసీఎల్ జన్యువూ పోల్చాలి. రెండో దారే తొందరగా తెములుతుంది.

సూక్ష్మదర్శి:
ఆ మాట ఒప్పుకుంటా. కానీ పోల్చడానికి అవతల ఏముంది? పాత ఈడోక్లాడియం జాతుల్లో చాలావాటికి ఉన్నవి బొమ్మలూ ఫార్మలిన్ సీసాలే. 2016లో ఈడోక్లాడియం కరోలినియానం హరితరేణువు జీనోం మొత్తం, రెండు లక్షల బేసులకు పైగా, చదివారు. ఒకటి రెండు జాతుల వివరాలతో "ఇది కొత్తది" అని తేల్చలేం. పైగా వంశవృక్షం గీస్తే ఈడోక్లాడియం జాతులు అదే కుటుంబంలోని మరో ప్రజాతి ఈడోగోనియం మధ్యకి వెళ్లి కూర్చుంటున్నాయి.

ల్యాబ్‌బల్ల:
అవతల లేదని ఇవతల కూడా మానేస్తే ఇంకో యాభై ఏళ్లకీ ఇదే పరిస్థితి. నమూనా తీసేటప్పుడే మూడు భాగాలు చేయాలి. ఒకటి 4 శాతం ఫార్మలిన్‌లో, కొలతలకు. ఒకటి నీరు పిండేసి, బరువుకు పది రెట్లు సిలికా జెల్‌లో, డీఎన్ఏకి. ఒకటి ప్రాణంతో, కల్చర్‌కి. అంతా ఫార్మలిన్‌లో ముంచితే డీఎన్ఏ ముక్కలై ప్రొటీన్లకు అతుక్కుపోతుంది, పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతి) పట్టదు.

పచ్చమరక:
ఐటీఎస్ (జాతుల్ని పోల్చడానికి వాడే డీఎన్ఏ భాగం) చేద్దామనుకునేవాళ్లు సార్వత్రిక ప్రైమర్లు (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) వాడకండి. మట్టిలోని బూజు డీఎన్ఏకే ముందు నకళ్లు వస్తాయి, చక్కటి బ్యాండు (జెల్ మీద డీఎన్ఏ గీత) చూసి సంబరపడితే అది శిలీంధ్రానిది. డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద ఒక్కో తంతువూ సూదితో వేరుచేసి, స్టెరైల్ నీళ్లలో పదే పదే కడగాలి. కల్చర్‌కి బోల్డ్ బేసల్ మీడియం (శైవలాలకు వాడే పోషక ద్రవం), 1.5 శాతం అగర్ చాలు. ఊగోనియంలు రాకపోతే నత్రజని తగ్గించిన మీడియంలోకి మార్చండి.

కొండగాలి:
అయితే నా మాట కాస్త మారుస్తా. పేరుకి సీక్వెన్స్ షరతు కాదు. సిలికాలో ఆరబెట్టిన ముక్క లేకుండా టైపు నమూనాని హెర్బేరియం (నమూనాలు భద్రపరిచే చోటు) తీసుకోకూడదు.

సూక్ష్మదర్శి:
దానికి అభ్యంతరం లేదు. ఆ ముక్కతో పాటు ఊస్పోర్ ఫోటో, స్కేల్ గీతతో సహా, అడగండి. అది లేకుండా వచ్చేవే ఎక్కువ.