మట్టి మైదానానికి తేలికైన హాకీ స్టిక్కు ఏది కొనాలి?

లెక్కల టీచరు, హిందూపురం:

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. బడి జట్టులో లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరుసలో ఎడమవైపు ఆడుతుంది. వాళ్లు ఆడేది టర్ఫ్ (కృత్రిమ గడ్డి పరిచిన నేల) మీద కాదు, గులకరాళ్లు తేలిన ఎర్రమట్టి నేల మీద. రెండేళ్లుగా ఒక సీనియర్ అమ్మాయి వదిలి వెళ్లిన మల్బరీ చెక్క స్టిక్కుతోనే నెట్టుకొచ్చింది. మా వైపు మల్బరీ అంటే పట్టుపురుగుల మేత. ఆ కొయ్యతో స్టిక్కులు చేస్తారని మా పిల్ల చెబితేనే నాకు తెలిసింది. ఈమధ్య మణికట్టు నొప్పి అంటుంటే స్టిక్కును వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. 610 గ్రాములు.

తేలికైనది కొందామని ఫోనులో వెతికి, 460 గ్రాముల కాంపోజిట్ (చెక్క కాకుండా కార్బన్, గాజు పీచులు జిగురుతో కలిపి చేసిన) స్టిక్కు 2,800 రూపాయలకు తెప్పించాను. పదకొండో రోజు ఫ్రీ హిట్ కొడుతుంటే వంపుకు కాస్త పైన విరిగింది. కోచ్ గారు ముక్కలు చేతిలోకి తీసుకుని, "ఇది ఇండోర్ స్టిక్కు కదమ్మా" అన్నారు. వివరాల్లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది. ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండని రోజూ పిల్లలను గద్దించేది నేనే. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఈసారి 4,000 లోపు కొనాలి. బరువు తక్కువ ఉండాలి, రెండేళ్లయినా మన్నాలి. కార్బన్ 90 శాతం ఉన్నది అన్నిటికన్నా గట్టిదని ఒకరు చెప్పారు. నిజమేనా?

పాత ఫుల్‌బ్యాక్, సికింద్రాబాద్:

టీచరుగారూ, ముందు ఆ 460 గ్రాముల సంగతి. ఇండోర్ ఆటలో స్టిక్కు ఎత్తి కొట్టడం నిషిద్ధం. బంతిని నెట్టాలి, అంతే. అందుకే ఆ స్టిక్కు సన్నగా ఉంటుంది. బయట ఆడే బంతి 156 నుంచి 163 గ్రాముల గట్టి ముద్ద. దాన్ని స్టిక్కు ఎత్తి కొడితే ఆ సన్న కర్ర ఏమవుతుంది? పదకొండు రోజులు ఆగినందుకు మెచ్చుకోవాలి.

ఇక కార్బన్. బిరుసు వేరు, మన్నిక వేరు. కార్బన్ పెరిగే కొద్దీ స్టిక్కు బిరుసెక్కుతుంది, దెబ్బ దూరం పోతుంది. కానీ బంతి ఆపినప్పుడు ఆ అదురు నేరుగా చేతికి వస్తుంది, పక్కనుంచి ఇంకో స్టిక్కు తగిలితే పగులు తొందరగా పడుతుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో పెద్ద ఆట టర్ఫ్ మీదకు వెళ్లిపోయింది. ఈ ఖరీదైన స్టిక్కులన్నీ నీళ్లు చల్లిన ఆ నేలను మనసులో పెట్టుకుని చేసినవే. మన గులకనేల మీద స్టిక్కు విరగడం కన్నా ముందు తల అరిగిపోతుంది. స్టిక్కు తిప్పి అంచుతో రివర్స్ హిట్లు కొట్టే పిల్లలవైతే అంచు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పదును అంపైరు కంట పడితే స్టిక్కు మార్చుకోమంటారు.

కాబట్టి కార్బన్ 20, 30 శాతం, మిగతాది ఫైబర్‌గ్లాస్, దొరికితే కొంచెం అరామిడ్ (దెబ్బలకు తట్టుకునే గట్టి పీచు). బరువు 520, 540 గ్రాముల మధ్య. అంతకన్నా తేలిక కావాలనుకుంటే మన్నిక మీద ఆశ వదులుకోవాలి. కర్ర పొడవునా విల్లులా ఉండే వంగుడు మధ్యలో ఉన్నది చాలు. బాగా కిందికి ఉన్న వంగుడు డ్రాగ్ ఫ్లిక్ (బంతిని నేల మీద ఈడ్చి గోలులోకి విసరడం) కొట్టేవాళ్లకు. లెఫ్ట్ హాఫ్‌కు దానితో పనేముంది?

కొత్త స్టిక్కు తలకు మొదటి రోజే టేపు చుట్టండి. మండుటెండలో కారు డిక్కీలో వదలొద్దు. ఎక్కడైనా పగులు ఉందని అనుమానం వస్తే గచ్చు మీద మెల్లగా తట్టి వినండి. మంచిది టంగుమంటుంది, పగిలింది బొంగురుగా మోగుతుంది.

కాలేజీ జట్టు అమ్మాయి, కాకినాడ:

పెద్దాయన చెప్పినదంతా సరే. కానీ మేడమ్, మీరు బరువు చూశారు, పొడవు చూశారా? నిబంధనల ప్రకారం స్టిక్కు 737 గ్రాముల దాకా ఉండవచ్చు. ఆ లెక్కన 610 ఘోరమేమీ కాదు. నాకూ ఇంటర్‌లో ఇదే నొప్పి. మా అన్నయ్య స్టిక్కు వాడేదాన్ని. పొడవు ఎక్కువైతే పై చేయి పక్కకు లేచిపోయి, భారమంతా ఎడమ మణికట్టు మీద పడుతుంది. స్టిక్కును పక్కన నిలబెట్టి చూడండి, నడుము ఎముక దగ్గర ఆగాలి. నొప్పి తగ్గకపోతే మాత్రం స్టిక్కులు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఉంటున్న గుంటూరువాడు:

ఇక్కడ మా క్లబ్బులో ఇసుక నింపిన టర్ఫ్ ఒకటి ఉంది. అది కూడా ఆకురాయిలా తలను తినేస్తుంది. నేను అరిగిన పాతదాన్ని సాధనకు, మంచిదాన్ని మ్యాచ్‌లకు వాడతాను. మీ చెక్క స్టిక్కును పారేయకండి.

లెక్కల టీచరు, హిందూపురం:

అందరికీ నమస్కారాలు. కాకినాడ అమ్మాయి మాట విని పాత స్టిక్కును కొలత టేపు పెట్టి కొలిచాను. ముప్పై ఏడున్నర అంగుళాలు! రెండేళ్లుగా పిల్ల తనకన్నా ఎంతో పొడుగైనవాళ్ల స్టిక్కుతో ఆడుతోంది, ఇంట్లో లెక్కల టీచరు ఉండి కూడా.

కోచ్ గారి దగ్గర ముప్పై ఆరు అంగుళాలది వారం అరువు తీసుకున్నాం. నొప్పి చాలావరకు తగ్గింది. నిన్న బెంగళూరు వెళ్లి, అదే పొడవులో 30 శాతం కార్బన్‌ది, 535 గ్రాములు, 3,400 రూపాయలకు తెచ్చాను. త్రాసు సంచిలో పెట్టుకుని వెళ్లాను. దుకాణంలో కుర్రాడు వింతగా చూశాడు కానీ, స్టిక్కు మీద రాసిన బరువుకూ నా త్రాసుకూ అయిదు గ్రాములే తేడా.

పాత స్టిక్కు ఇక సాధనకు. పైనుంచి అంగుళంన్నర కోయిస్తే సరిపోతుందన్నారు కోచ్ గారు.

ఇంకొక మాట. టేపుతో కలిపి స్టిక్కు మొత్తం 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలని నిబంధన ఉందట. అంటే దాదాపు రెండంగుళాలు, చిన్నపిల్లల గాజు కొలత. మా పిల్ల చిన్నప్పటి ఇత్తడి గాజు వెతికి, టేపు చుట్టిన కొత్త స్టిక్కుకు తొడిగి చూశాను. తల దగ్గర ఇరుక్కుంది. ఒక చుట్టు టేపు విప్పాక దిగింది.