అప్‌డేట్: ఉద్యోగం మానేశాక నా చేతిలో డబ్బు ఎలా?

పాప కోసం ఉద్యోగం మానేస్తున్నాను, ఇక ప్రతి రూపాయికీ ఆయన్ని అడగాలా అని మార్చిలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా: ఇంటి ఖర్చు వేరు, నా డబ్బు వేరు. ప్రతి నెలా 1న ఆయన ఖాతా నుంచి నా ఖాతాకి 8,000 దానంతటదే వచ్చేస్తుంది. మొదటి నెల "దేనికి వాడావ్?" అన్నారు. బెండకాయలు తరుగుతూనే, "మీ జీతం దేనికి వాడారో నేనడిగానా?" అన్నాను. మళ్లీ అడగలేదు.

ఆడిటర్ చెప్పింది మాత్రం నాకు కొత్త. ఆయనిచ్చిన డబ్బు నా పేరున ఎఫ్‌డీ వేసినా, వడ్డీని ఆయన ఆదాయంలోనే కలిపి పన్ను లెక్క వేస్తారట. అందుకే పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) తెరిచాను. వడ్డీకి పన్ను లేదు, ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు. 15 ఏళ్ల గడువు, అదొక్కటే ఇబ్బంది. పీఎఫ్ (ఉద్యోగంలో ఉండగా జీతం నుంచి జమైన డబ్బు) వెంటనే తీసేయమన్న సలహా పక్కన పెట్టాను. నా సర్వీసు ఐదేళ్లు నిండలేదు, ఇప్పుడు తీస్తే పన్ను పడుతుంది.

ఉద్యోగం గొప్పా, ఇల్లు గొప్పా అని ఇక్కడ జరిగిన వాదన నాకు అక్కరకు రాలేదు.

నా బంగారం ఇంకా అత్తయ్యగారి లాకర్‌లోనే ఉంది. అది తేలాక రాస్తాను.